బోర్లించిన మగ్గు

"గ్లాడిస్ చచ్చిందే దొరసానీ" అని వినబడింది విల్ఫ్‌కి ఫోన్లో.

అవతల అరుస్తున్నది బ్రెండా. అరుపు సగం, హల్ అనే ఇంగ్లీషు రేవుపట్నం పక్కన పారే హంబర్ నది మీంచి వచ్చే ఈదురుగాలి సగం. విల్ఫ్ ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తోముతున్న సత్తు మగ్గుని సబ్బునీళ్ళలోకి దించి, తాపీగా జవాబిచ్చాడు.

"చచ్చి ముప్పై ఏళ్ళు దాటింది కదే. మళ్ళీ కొత్తగా ఎందుకు చచ్చింది?"

బ్రెండా తిట్ల దండకం ఎత్తుకుంది. చెవుల్లో దూది పెట్టుకున్నావా, దూలాలు పెట్టుకున్నావా అని అడిగింది. చచ్చింది కాదు, వచ్చింది. వకారానికీ చకారానికీ తేడా తెలియని చెవిటిదానివి పబ్బు ఎలా నడుపుతున్నావే, బీరడిగితే బీరకాయ ఇస్తున్నావా అంది. గ్లాడిస్ ఊళ్ళోనే ఉంది, స్టేషన్ పక్కన బంగాళాదుంప పాటీల కొట్టు ముందు వరసలో నిలబడి ఉంది, నా కళ్ళతో చూశాను, ఒక కంట్లో శుక్లం ఉన్నా రెండో కన్ను నికార్సైనదే అంది.

విల్ఫ్ చేతిలో సబ్బునురగ చప్పుడు లేకుండా జారి చెప్పుల మీద పడింది.

బ్రెండా అసలు పేరు రాయ్ ఎలర్బీ. ఒకప్పుడు చేపలు పట్టే ఓడల్లో వంటవాడు. ఇప్పుడు పింఛను తీసుకుంటూ, గుమ్మాల్లోకి పక్కకి తిరిగి దూరాల్సినంత భారీగా తయారైన మనిషి. కానీ జాలీ బోసన్ పబ్బులో మగవాళ్ళందరికీ ఆడపేర్లే, వాళ్ళు చేసే పనులన్నీ ఆడక్రియలే. 'వచ్చాడు' అనేవాడు అక్కడ లేడు, 'వచ్చింది' అనేదే ఉంది. వ్యాకరణం పంతులెవరైనా ఆ గుమ్మం తొక్కితే మూర్ఛపోతాడు. తేరుకుని, ఒకటి తాగి, "ఇంకోటి పొయ్యవే" అంటాడు. విల్ఫ్ యజమాని కాబట్టి దొరసాని. లైసెన్సు కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం మగవాడు.

జాలీ బోసన్ అంటే ఉల్లాసపు సరంగు అని. జాలీలో దీర్ఘం పోతే జాలి మిగులుతుంది. అరవై ఏళ్ళుగా ఆ పబ్బు పడ్డ తంటా అంతా ఆ దీర్ఘాన్ని నిలబెట్టుకోవడానికే. ఇవాళ దాని పుట్టినరోజు. పబ్బుకి పబ్బం. సాయంత్రం అందరూ వస్తారు, విల్ఫ్ చిన్న వేదిక ఎక్కి పబ్బు కథ చెబుతాడు, మధ్యలో ఏడుస్తాడు, బ్రెండా ఈల వేస్తుంది. ఏటా ఇదే తంతు.

ఇప్పుడేమో ఆ కథలో చచ్చిపోయిన మనిషి స్టేషన్ దగ్గర పాటీలు కొనుక్కుంటోందట.

బ్రెండా మిగతాది కూడా చెప్పింది. "గ్లాడిస్సే" అని పిలిస్తే ముసలామె తిరిగి చూసిందట. గుర్తుపట్టిందట. గుర్తుపట్టి, మొహం గోడ వైపు తిప్పుకుని, పాటీ కూడా తీసుకోకుండా, చిన్న పెట్టె ఒకటి ఈడ్చుకుంటూ వెళ్ళిపోయిందట. కొట్టులో పిల్లని అడిగితే, రోటర్‌డామ్ ఓడకి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందని వాకబు చేసిందని చెప్పిందట. ఆ ఓడ సాయంత్రమే పోతుంది.

"తెలిసిన మొహం చూసి పారిపోయింది దొరసానీ. మనమేం చేశామే దానికి?"

విల్ఫ్ ఫోన్ పెట్టేసి, ఆరిన మగ్గుని మళ్ళీ తడిపాడు. తడిసిన మగ్గుని పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు. అదీ తోమినదే. బీరు గొట్టాలు తిప్పి చూశాడు, తలుపు తీసి వీధిలోకి తొంగి చూశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు.

నిచ్చెన మీద కాగితపు జెండాలు కడుతున్న మార్గో కిందికి చూసింది. మార్గో నగర బస్సు నడుపుతుంది, ఇవాళ సెలవు పెట్టింది. ఆమె అసలు పేరే మార్గో. ఆడవాళ్ళకి ఆ పబ్బులో మారుపేర్ల బెడద లేదు.

"ఆ తలుపు ఊడి చేతికొస్తుంది. కూర్చుంటావా, బయటికి పోతావా?"

విల్ఫ్ కూర్చోలేదు. పందొమ్మిదేళ్ళప్పుడు కూడా ఇదే తలుపు దగ్గర ఇలాగే తచ్చాడాడు, అవతలి వైపు నుంచి. చేపల సంతలో పెట్టెలు మోసే కుర్రవాడు. ఒంటికి చేపల వాసన, లోపల ఏదో తనకే తెలియని దాహం. తలుపు దాకా రావడం, వెనక్కి పోవడం. చివరికి ఒకరోజు వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది. "లోపలికి రావే పిల్లా. బయట నిలబడితే చలికి నీ అందం గడ్డకడుతుంది" అంది ఆ చెయ్యి తాలూకు గొంతు. పెద్ద ప్రయాణికుల ఓడల్లో వడ్డన పని చేసే గ్లాడిస్. అదీ బ్రెండాలాగే ఆడపేరు పెట్టుకున్న మగవాడే. ఆ రోజు ఆ చెయ్యి పడకపోయి ఉంటే విల్ఫ్ ఈపాటికి నలుగురు పిల్లల తండ్రి అయి, ఆదివారాలు తోటలో గడ్డి కోస్తూ, ఎందుకు బతుకుతున్నాడో తెలియక బతికేవాడు. అంత నమ్మకంగా తెలుసు అతనికి. అందుకే గ్లాడిస్ పోయిందన్నప్పుడు తల్లి పోయినట్టు ఏడ్చాడు. ఆ మనిషి బతికి ఉండి, ఇవాళే ఈ ఊళ్ళో ఉండి, ఈ గుమ్మం తొక్కకుండా ఓడెక్కేస్తే? ముసలి ప్రాణం, మళ్ళీ వస్తుందా?

ఓడ కదిలేలోపు ఆమెని లోపలికి తీసుకురావాలి. విల్ఫ్‌కి ఇంకేం పట్టలేదు.

అసలు గ్లాడిస్ చచ్చిందని ఎవరు చెప్పారని మార్గో అడిగింది. ఆమె ఈ పబ్బుకి రావడం మొదలుపెట్టేసరికి ఆ చావు పాత చరిత్ర. విల్ఫ్ అటూ ఇటూ తిరుగుతూనే చెప్పాడు, సగం ఆమెకి, సగం సబ్బునీళ్ళకి.

పబ్బుని ఇలా మార్చింది ఐవీ బిల్టన్ అనే విధవరాలు. మొగుడు ఐస్‌లాండ్ నీళ్ళలో ఓడతో సహా పోతే పబ్బు ఆమె నెత్తిన పడింది. రేవు పక్క పబ్బు కాబట్టి ఓడల్లో వడ్డించే స్టూవర్డులు వచ్చేవారు, వాళ్ళలో సగంమంది మగవాళ్ళని వలచే మగవాళ్ళు. అప్పట్లో అది జైలుకి పంపే నేరం. మిగతా పబ్బులు వాళ్ళని మెడపట్టి గెంటాయి. ఐవీ మాత్రం, వీళ్ళు గ్లాసులు పగలగొట్టరు, గోడల మీద పొయ్యరు, నా కొత్త గౌను బాగుందని చెబుతారు, ఇంతకంటే మంచి మగాళ్ళు నాకెక్కడ దొరుకుతారు అందట. కానిస్టేబుల్ వీధి మలుపు తిరిగితే "పాలు పొంగుతున్నాయర్రా" అని కేకేసేది. ఒళ్ళో కూర్చున్నవాళ్ళు లేచి గోడ మీద బాణాలు విసిరే ఆట మొదలెట్టేవారు. ఇంత అధ్వాన్నంగా ఆడే జట్టు ఊళ్ళో ఇంకోటి లేదని కానిస్టేబుల్ జాలిపడి పోయేవాడు. పబ్బులో పాలెక్కడివని అతనికి తట్టలేదు. పాలు పొంగాయి కాబట్టి ఎవరూ పోలీసుల పాలు కాలేదు.

ఐవీ పెట్టిన నియమం ఒకటుంది. గుమ్మం లోపల ఎవరి అసలు పేరూ అడగకూడదు, తెలిసినా పలకకూడదు. పోలీసులకి పట్టుబడితే చెప్పడానికి తెలియకపోవడమే మేలు కదా. హల్ జనానికి అది కష్టం కాలేదు. హకారమంటే గిట్టక తమ ఊరి పేరులోనే హల్లుని మింగేసి 'అల్' అనే జనం, మనుషుల పేర్లు మింగడం ఒక లెక్కా.

ఇంకో ఆనవాయితీ మగ్గులది. వీధి వైపు కిటికీకి అడ్డంగా పొడవాటి చెక్క అర. సముద్రం మీదికి పోయే ప్రతివాడూ పేరు గీసిన సత్తు మగ్గు ఒకటి దాని మీద ఉంచి పోయేవాడు. బారులో బారులు తీరిన మగ్గులు. ఓడ దిగినవాడు ముందు వీధిలోంచి ఆ కిటికీ చూసుకునేవాడు. మగ్గు నిలబడి ఉందంటే తనకీ ఊళ్ళో నిలబడే చోటుందని ధైర్యం.

ఐవీ పోయింది, విల్ఫ్ పగ్గాలు పట్టాడు, తర్వాత ఆ రోగం వచ్చింది, ఎయిడ్స్.

ముందు చిట్టి పాలీన్ పోయింది. ఓడలో మంగలి, పిట్టంత మనిషి. చివర్లో ఆసుపత్రి వాళ్ళు భోజనం పళ్ళెం గది బయటే పెట్టి పోయేవారు, లోపలికి తీసుకెళ్ళి తినిపించింది విల్ఫ్, బ్రెండా. అది పోయిన సాయంత్రం పబ్బుకొచ్చాక విల్ఫ్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ప్రార్థన రాదు. పాలీన్ మగ్గు చేతిలోకి తీసుకున్నాడు. దీంట్లో ఇంకెవరూ పొయ్యకూడదనిపించింది. బోర్లించాడు. ఆ తర్వాత రీటా. ఆ తర్వాత పొడుగు ఎల్సీ. బోర్లించిన మగ్గులు అర మీద ఒక మూల నుంచి మొదలై సగం దాకా పాకాయి. ఏటా పుట్టినరోజుకి వాటిని దించి, మెరిసేలా తోమి, మళ్ళీ బోర్లిస్తారు. మగ్గులు మురికిలో మగ్గకూడదని.

గ్లాడిస్ సంగతి చెప్పింది దారినపోయే ఒక స్టూవర్డు. రోటర్‌డామ్ ఆసుపత్రిలో, ఆ రోగుల వార్డులో చూశానన్నాడు, పుల్లలా ఉందన్నాడు. తర్వాత కబురు లేదు. ఆ రోజుల్లో ఆ వార్డుకి పోయే దారే గానీ వచ్చే దారి లేదు. విచారిద్దామంటే ఏమని విచారించాలి? ఇంటిపేరు ఎవరికీ తెలీదు, ఒంటిపేరూ తెలీదు. ఏ ఆసుపత్రికి ఫోన్ చేసి, మీ దగ్గర గ్లాడిస్ అనే మగమనిషి ఉన్నాడా అని అడుగుతారు? రక్షణకి పెట్టిన నియమం ఆ రోజు శిక్షై కూర్చుంది. ఎదురుచూసి, ఎదురుచూసి, విల్ఫే ఆ మగ్గు బోర్లించాడు.

"అంటే శవాన్ని చూసినవాడు లేడు" అంది మార్గో.

"లేడు."

"మరి పోయి వెతుకు. నేను ఈ మగ్గులు తుడిచి సర్దుతాలే."

విల్ఫ్ కోటు తొడుక్కుంటూ, దేన్నీ మార్చకుండా ఎప్పట్లాగే సర్దమని చెప్పి బయటపడ్డాడు. గ్లాడిస్ మగ్గు సంగతి ప్రత్యేకంగా చెప్పాలని అతనికి తోచలేదు, అడగాలని ఆమెకి తోచలేదు.

స్టేషన్ దాకా పరుగులాంటి నడక. బ్రెండా పాటీల కొట్టు ముందు ఎర్ర మసాలా చల్లిన చిప్స్ పొట్లంతో నిలబడి ఉంది, కంగారులో ఆకలేస్తుందట. ఇద్దరూ బస్సుల దగ్గర వెతికారు. ప్రయాణికుల గదిలో చూశారు. ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరూ గ్లాడిస్ కాదు. ఒక ముసలాయన భుజం మీద చెయ్యి వేసి "గ్లాడిస్సేనా?" అని బ్రెండా అడిగితే, ఆయన భార్య గొడుగు ఎత్తింది. అక్కణ్ణించి రేవు దారిలో కొంత దూరం నడిచారు. గాలి ఎదురు కొడుతోంది. బ్రెండా ఆయాసపడుతూ, నేను చూసింది దెయ్యాన్నేమో అని తనని తనే అనుమానించుకుంది. దెయ్యాలు పాటీలు కొనవని విల్ఫ్ విసుక్కున్నాడు. కొనలేదు కదా, వదిలేసి పోయింది కదా అంది బ్రెండా.

ఏమీ పాలుపోక వెనక్కి తిరిగారు. పబ్బు వీధి మలుపులో విల్ఫ్ ఆగిపోయాడు.

పబ్బుకి ఎదురుగా, ఇవతలి కాలిబాట మీద, మీగడ రంగు టెలిఫోన్ బూత్ పక్కన బెంచీ ఉంది. దాని మీద నీలం కోటు వేసుకున్న ముసలి మనిషి నిటారుగా కూర్చుని ఉంది, పక్కన చిన్న పెట్టె. ఆ వీపు చాలు. బరువైన పళ్ళేలు మోసీ మోసీ వంగడం మరిచిపోయిన వీపు. ఎదురుగా పబ్బు కిటికీలో మార్గో నిచ్చెన దిగుతోంది.

బ్రెండాని అక్కడే ఉండమని సైగ చేసి విల్ఫ్ దగ్గరికి వెళ్ళాడు. ఇందాకటి కాళ్ళు కావు అవి, మళ్ళీ పందొమ్మిదేళ్ళ కాళ్ళు.

"అక్కా."

గ్లాడిస్ తల తిప్పలేదు. "వెలేసినదానికి చెల్లెళ్ళుండరు పిల్లా. చెల్లెలంటే గుర్తొచ్చింది, నా సొంత చెల్లెల్ని పూడ్చడానికొచ్చాను. ఆ పనైంది. పోయే ముందు ఒకసారి ఈ కిటికీ చూద్దామనిపించింది. చూశాను. ఇక్కడే బస్సెక్కి పోతాను."

"ఎవరు వెలేశారు నిన్ను?"

"నన్నడుగుతావేం?" గ్లాడిస్ గడ్డంతో కిటికీని చూపించింది. "అర మీద నా చోటు నేను మరవలేదు. ఇందాక ఆ పిల్ల అక్కడి మగ్గు చేత్తో పట్టుకుంది. వెలుతురుకి పెట్టి చూసింది. నా పేరు మెరిసేదాకా తుడిచింది. ముప్పై ఏళ్ళకైనా వీళ్ళకి మనసు కరిగిందనుకున్నాను. లేవబోయాను కూడా. అప్పుడు బోర్లించింది. కడిగి మరీ వెలేశారే మీరు."

విల్ఫ్‌కి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎక్కడో అడుగున పడి ఉన్న ఐవీ గొంతు పైకి తేలింది. అతను చేరిన కొత్తల్లో విన్నది, ఒకే ఒక్కసారి చూసింది. పోలీసులకి ఉప్పందించినవాణ్ణీ, బయట ఒకరి అసలు పేరు పెట్టి పిలిచినవాణ్ణీ ఐవీ గుమ్మంలో నిలదీసేది కాదు. గుమ్మంలో గొడవైతే వీధి పోగవుతుంది, వీధి పోగైతే పోలీసు వస్తాడు. అందుకని వాడి మగ్గు కిటికీలో బోర్లించేది. వాడు వీధిలోంచే చూసుకుని, మాటా పలుకూ లేకుండా వెనక్కి తిరగాలి. ఎందుకని అడగడం కూడా మర్యాద కాదు. తర్వాత చట్టం మారింది, ఉప్పందించేవాళ్ళు పోయారు, ఆ పద్ధతీ పోయింది. ఎంతగా పోయిందంటే, పాలీన్ మగ్గు బోర్లించిన రోజు విల్ఫ్ చేతికి అది గుర్తే లేదు.

గ్లాడిస్ మాత్రం ఐవీ కాలం మనిషి.

"ముప్పై ఏళ్ళ కిందట ఓడ దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను" అంది గ్లాడిస్. "చూశాను. తిరిగిపోయాను. రోటర్‌డామ్‌లోనే ఉండిపోయాను. ఇంకెక్కడికి పోను?"

"నువ్వు చచ్చిపోయావనుకున్నామే అక్కా" అన్నాడు విల్ఫ్. "ఆ వార్డులో నిన్ను చూశానని ఒకడు చెప్పాడు. పుల్లలా ఉన్నావన్నాడు."

"మంచం మీదున్నది నేను కాదు. మంచం పక్కన కుర్చీలో ఉన్నది నేను." గ్లాడిస్ మొదటిసారి అతని వైపు తిరిగింది. "పీట్ అని, నా మనిషి. ఆర్నెల్లు తిండీ నిద్రా లేకుండా కూర్చుంటే కుర్చీలో ఉన్నవాళ్ళూ పుల్లలే అవుతారు. వాడు పోయాక ఇంకెవరూ లేక ఇక్కడికొచ్చాను. మగ్గు చూశాను. ఓహో, వార్డులో కనబడ్డానని కబురందింది, నా మగ్గు ముట్టుకోడానికి భయపడ్డారు అనుకున్నాను. అందరూ భయపడుతున్నారు, మీరూ భయపడ్డారు అనుకున్నాను."

విల్ఫ్ బెంచీ మీద కూలబడ్డాడు. ఆ మగ్గుని బోర్లించే ముందు ఎంతసేపు గుండెకి ఆనించుకున్నాడో చెప్పాలనుకున్నాడు. దూరంనుంచి బ్రెండా చేతులు ఊపుతూ, ఏమంటోందే, ఏమంటోందే అని మూగసైగలు చేస్తోంది.

చివరికి అతను చెయ్యి పట్టుకుని లేపబోయాడు. గ్లాడిస్ లేవలేదు. పెద్దరికం నరాల్లో ఉన్న మనిషి. బోర్లించిన మగ్గు లేపాలంటే దొరసాని ఒక్కత్తి మాట చాలదని గుర్తుచేసింది. వెలిపడ్డవాళ్ళు గుమ్మం బయట నిలబడాలి, సంగతి ఇల్లంతటికీ చెప్పాలి, ఇల్లంతా చెయ్యెత్తాలి, ఒక్కరు ఎత్తకపోయినా అంతే. ఐవీ ఇంట్లో దొడ్డిదారి లేదంది. పైగా బస్సు వేళైంది, ఇప్పుడు ఇల్లంతటికీ చెప్పే తీరిక ఎవరికుందంది.

"నాకుంది" అన్నాడు విల్ఫ్. "బస్సు సంగతి బస్సు చూసుకుంటుంది. గుమ్మం దాకా రా. నచ్చకపోతే పో."

గ్లాడిస్ కొంచెంసేపు రోడ్డు వైపు చూసింది. తర్వాత పెట్టె అందుకుంది.

అప్పటికే జనం చేరుతున్నారు. పోర్క్ పై అనే పంది మాంసపు రొట్టె నోట్లో పెట్టుకున్నవాళ్ళు, బార్ దగ్గర బారులు తీరినవాళ్ళు, ఐవీ పేరు కూడా ఎరగని కుర్రకారు. తలుపు బార్లా తెరిచి విల్ఫ్ గుమ్మంలో నిలబడ్డాడు, వెనక గ్లాడిస్, ఆమె వెనక ఇంకా ఆయాసం తీరని బ్రెండా. గాలికి జెండాలు చెలరేగాయి. తలుపు వేయండర్రా అని ఎవరో గొణిగారు.

గ్లాడిస్ గడప బయటే ఆగింది. ఆమె చూపు కిటికీ అర మీదికి పోయింది. వీధిలోంచి ఆమె చూసింది తన మగ్గునొక్కదాన్నే. ఆ రోజూ అంతే, ఈ రోజూ అంతే. ఇప్పుడు దగ్గర్నుంచి మొత్తం వరస కనబడింది. బోర్లా, బోర్లా, బోర్లా. పేర్లు గీతలు గీతలుగా మెరుస్తున్నాయి. ఆమె పెదాలు వాటిని చదివాయి.

"పాలీన్‌ని కూడానా?" అంది. "రీటా, ఎల్సీ... ఇంతమందిని వెలేశారా మీరు?"

విల్ఫ్ ఏటా వేదికెక్కి చెప్పే కథ ఒకటుంది, నవ్వులకి చోట్లూ ఏడుపుకి చోట్లూ ముందే చూసి పెట్టుకున్న కథ. అందులో ఒక్క మాటా ఇప్పుడు పనికిరాలేదు.

"వినండర్రా" అన్నాడు. గొంతు పెంచలేదు, అయినా రొట్టె నములుతున్నవాళ్ళు ఆగారు. "ఈవిడ గ్లాడిస్. పోయిందని నేను ఏటా మీకు చెప్పే గ్లాడిస్. పోలేదు. మనమే పోగొట్టుకున్నాం. ఐవీ అమ్మ కాలంలో మగ్గు బోర్లిస్తే, నువ్వీ ఇంటికి రావద్దని అర్థం. నా కాలంలో బోర్లిస్తే, నువ్విక రాలేవని అర్థం. మధ్యలో మార్చింది నేను. మార్చానని నాకే తెలీదు. ఈవిడ చనిపోయిందనుకుని నేను బోర్లించాను. వెలేశామనుకుని ఈవిడ తిరిగిపోయింది. అడగడం మర్యాద కాదని అడగలేదు. పేరు తెలీక మేమూ వెతకలేదు."

అతను గ్లాడిస్ వైపు తిరిగాడు.

"ఆ వరసలో వెలిపడ్డ మగ్గు ఒక్కటి లేదక్కా. రోగమొచ్చిందని ఈ ఇంట్లోంచి ఎవర్నీ పంపలేదు. పాలీన్‌కి అన్నం పెట్టింది ఈ బ్రెండా. రీటా పై గదిలో నా మంచం మీదే పోయింది. అందరూ మనవాళ్ళుగానే పోయారు."

మార్గో చేతిలో తుడుపుగుడ్డ అలాగే ఉండిపోయింది. "ఇందాక దాన్ని బోర్లించింది నేనే" అంది ఎవరికో తెలియకుండా. "ఎప్పట్లాగే సర్దమన్నాడు."

కుర్రాళ్ళలో ఒకడు, సంగతి సగమే ఎక్కినవాడు, అయితే ఈవిడ తప్పేం లేదా అని అడిగాడు. ఎవరి తప్పూ లేదని విల్ఫ్ మళ్ళీ మొదట్నించీ చెప్పాడు, ఈసారి ఇంకా చిన్న మాటల్లో, ఆ మగ్గు లేపాలంటే అందరూ చెయ్యెత్తాలని చివర్లో కలిపి. వెనక బల్ల దగ్గర వినబడనివాళ్ళకి ముందువాళ్ళు చెప్పారు. అలా సంగతి గది చివరిదాకా పాకింది. అక్కడ గోడని తాకి తిరిగొస్తున్నట్టు, వెనకనుంచి ముందుకి చేతులు లేచాయి. బ్రెండా రెండు చేతులూ ఎత్తింది, మనిషిని రెండింతలున్నాను కాబట్టి రెండూ లెక్కే అంది. ఎవరూ నవ్వలేదు, చెయ్యి దించలేదు.

వీధిలో రేవు బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది, కాసేపు అలా ఉంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. గ్లాడిస్ అటు చూడలేదు. ఆమె కళ్ళు ఇంకా ఆ వరస మీదే ఉన్నాయి, ఒక్కో పేరు దగ్గరా ఆగుతూ. ముప్పై ఏళ్ళుగా కోపం తెచ్చుకున్న మనుషులందరి కోసం ఆమె ఇప్పుడు ఒక్కసారిగా ఏడవాలి. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పెట్టె గడప లోపల పెట్టింది. తర్వాత తనూ లోపలికొచ్చింది.

"ముందు ఎవరు పోయారో అక్కణ్ణించి చెప్పు పిల్లా" అంది. "ఎవర్నీ వదలకు."